చేను పేరే ధర చెబుతుంది!
ఒకే ద్రాక్ష రకం, పక్కపక్క చేలు - రుచి వేరు, రాబడి వేరు

నాలుగున్నర ఎకరాలంటే మన లెక్కలో చిన్న రైతు కమతమే. ఫ్రాన్సు దేశంలోని బర్గండీ ప్రాంతంలో దాదాపు అంత విస్తీర్ణం గల ద్రాక్షతోట ఒకటి ఉంది. దాని పేరు రొమానీ కాంతీ. ఆ తోటలో 1945లో కాసిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైను సీసా ఒక్కటి 2018లో న్యూయార్కు వేలంలో 5 లక్షల 58 వేల డాలర్లు పలికింది. ఆ ఏడు తయారైనవి దాదాపు 600 సీసాలే. ఆ తర్వాత పాత తీగలు పీకేసి కొత్తవి నాటారు. అందుకే అంత గిరాకీ. అయితే మామూలు ఏడాదిలోనూ ఈ తోట వైను ప్రపంచంలోకెల్లా ఖరీదైన వాటిలో ఒకటి. ఇది తాగమని చెప్పే మాట కాదు. చిన్న చేనుకు అంత పేరు ఎలా వచ్చిందో తెలుసుకోవడం మనకు అవసరం.

వాలును బట్టి రుచి

అక్కడి పేరున్న ఎర్ర వైనులన్నీ పినో న్వార్ అనే ఒకే రకం ద్రాక్షతో చేసేవే. తేడా అంతా నేలది. కొండవాలు దిగువన బరువు నేల, తేమ ఎక్కువ. పైన మట్టి పలచన. నడిమి వాలులో సున్నపురాయి కలిసిన నేల, నీరు నిలవదు, ఎండ బాగా తగులుతుంది. మేలైన చేలు చాలావరకు అక్కడే ఉన్నాయి. ఇలా పేర్లు, హద్దులు గల చేలు 1,247 ఉన్నాయి. వీటిని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

రుచి ఎలా చూస్తారు?

ఒకే ఏడాది, ఒకే రైతు, వేర్వేరు చేల వైనులను వరసగా పెడతారు. పేరు కనబడకుండా సీసాలకు గుడ్డ చుడతారు. గ్లాసులో కొద్దిగా పోసి, తెల్లకాగితం మీద వంచి రంగు చూస్తారు. లేతదైతే ఊదా ఛాయ, ముదిరితే అంచున ఇటుక రంగు. తర్వాత గ్లాసు తిప్పి వాసన పడతారు. ఒక గుక్క నోట్లో తిప్పి పులుపు, వగరు పరీక్షిస్తారు. నేరేడు పండు తింటే నాలుక పట్టేసినట్టు ఉంటుంది చూడండి, అదే వగరు. ఇది తొక్క, గింజల నుంచి వస్తుంది. ఆపైన ఉమ్మేసి, రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెడతారు. మింగితే పదో గ్లాసుకు నాలుక తీర్పు చెప్పలేదు కదా!

చేను ఒక్కటే చాలదు

క్లో ద వూజో అనే చేను చుట్టూ రాతిగోడ ఉంది. శతాబ్దాల క్రితం సన్యాసులు సాగుచేసిన నేల అది. విస్తీర్ణం సుమారు 125 ఎకరాలు. ఇప్పుడు దాదాపు 80 మంది సొంతదార్లు. కొందరికి కొన్ని సాళ్లే. పంపకాల్లో ముక్కలైన మన భూముల్లాగే! సీసా మీద అందరికీ ఒకే చేను పేరు. రుచి మాత్రం ఒకటి కాదు. పైభాగం నేల వేరు, రోడ్డు పక్క నేల వేరు. కత్తిరింపు, కోత సమయం, చేతి శ్రద్ధ వేరు. అందుకే కొనేవాళ్లు చేను పేరుతో పాటు రైతు పేరూ చూస్తారు.

దిగుబడికీ హద్దు ఉంది. రొమానీ కాంతీకి చట్టం పెట్టిన మూల పరిమితి హెక్టారుకు 35 హెక్టోలీటర్లు. అంటే ఎకరానికి సుమారు 1,400 లీటర్ల వైను. అనుమతించిన మేరకు మించితే దానికి ఆ పేరు పెట్టరాదు. కాపు తగ్గించి నాణ్యత నిలుపుకోవడమే వాళ్ల లెక్క.

మనం చేయదగ్గది

మన దగ్గరా పేరున్న పంటలున్నాయి. బంగినపల్లి మామిడికి 2017లో, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే ఆ గుర్తింపు ప్రాంతానికి గానీ ఒక్కొక్క చేనుకు కాదు. మన చేను సంగతి మనమే తేల్చుకోవాలి.

* ఒకే రకం పంటను చెలక, రేగడి అని చూడకుండా ఒకే కుప్పలో కలపకండి. కొంతైనా విడిగా ఉంచండి.
* సంచికో, బుట్టకో చేను పేరు, కోత తేదీ రాయండి.
* ఏది ఏ చేనుదో చెప్పకుండా ఇంట్లోవాళ్లకూ, ఇరుగుపొరుగుకూ రుచి చూపండి. కందులైతే ఒకే కొలతతో వండించండి.
* రెండు మూడేళ్లు అదే చేను ముందుంటే, ఆ సరుకును వేరుగా అమ్మజూపండి.

మొదటి ఏడే ధర పెరుగుతుందని ఆశపడవద్దు. బర్గండీ చేలకు పేరు రావడానికి తరాలు పట్టింది. కానీ మంచి చేను సరుకును నాసిరకంతో కలిపి తూకం వేయించినంత కాలం, మీ కష్టానికి వేరే ధర కట్టే దారే ఉండదు.