తెరమీద కనిపించేదే ఫైల్లో ఉందనుకోవద్దు

ఆఫీసులో కంప్యూటర్ పని చాలామందికి కోర్సుల కంటే పక్క సీటు నుంచే ఎక్కువగా అబ్బుతుంది. కంట్రోల్+జెడ్ నొక్కితే పోయింది వెనక్కి వస్తుందని చెప్పేదీ పక్క సీటువాళ్లే, కంప్యూటర్ నెమ్మదిస్తే రిఫ్రెష్ కొట్టమని చెప్పేదీ వాళ్లే. మొదటిది పనికొచ్చే చిట్కా. రెండోది వట్టి నమ్మకం. ఇలాంటి నమ్మకాలను వరసపెట్టి చూస్తే చాలావాటికి మూలం ఒకటే అనిపిస్తుంది: తెరమీద ఎలా కనిపిస్తే ఫైల్లోనూ అలాగే ఉంటుందనుకోవడం. నిజానికి కంప్యూటర్ దాచుకునేది వేరు, మనకు చూపించేది వేరు. రోజూ చేతిలో ఆడే ఎక్సెల్, వర్డ్, పీడీఎఫ్ ఫైళ్లలో ఈ తేడా ఎక్కడెక్కడ దెబ్బ తీస్తుందో చూద్దాం.

అపోహ: డెసిమల్ తగ్గించే బటన్ నొక్కితే పైసలు పోయి రూపాయలు మిగులుతాయి.

వాస్తవం: పైసలు ఎక్కడికీ పోవు, కంటికి కనబడకుండా పోతాయంతే. మూడు వస్తువుల మీద పన్ను తలా 12.44 రూపాయలు అనుకోండి. డెసిమల్స్ తీసేస్తే మూడు సెల్స్‌లోనూ 12 కనిపిస్తుంది. కింద మొత్తం మాత్రం 37 అని వస్తుంది, ఎందుకంటే ఎక్సెల్ కూడింది 12.44లను. ప్రింటు తీసిన కాగితాన్ని ఆడిటరుగారు క్యాలిక్యులేటరు మీద కూడితే 36 వస్తుంది. ఆ రూపాయి తేడా ఎక్కడిదో వెతకడానికి ఒక పూట పడుతుంది. నిజంగా రూపాయికి సవరించాలంటే రౌండ్ ఫంక్షన్ వాడాలి. ఆ బటన్ మార్చేది రూపాన్నే, విలువను కాదు.

అపోహ: నంబరు ఎలా టైప్ చేస్తే ఎక్సెల్ అలాగే ఉంచుతుంది.

వాస్తవం: అంకెలు కనబడగానే ఎక్సెల్ వాటిని లెక్కలు కట్టే సంఖ్యగా తీసుకుంటుంది. లెక్కలో ముందున్న సున్నాకు విలువ లేదు కాబట్టి హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040 కాస్తా 40 అవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం పొడవాటి నంబర్లతో వస్తుంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలనే కచ్చితంగా ఉంచుకోగలదు. 16 అంకెల కార్డు నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లకూ 16 అంకెలుంటాయి, వాటి గతీ అంతే. తర్వాత ఆ సెల్‌ను టెక్స్ట్‌గా మార్చినా పోయిన అంకె తిరిగిరాదు.

12 అంకెల ఆధార్ నంబరుది మరో కథ. మామూలు ఫార్మాట్‌లో అది 1.23457ఈ+11 అన్నట్టు కనిపించి గాభరా పెడుతుంది కానీ, అసలు నంబరు లోపల భద్రంగానే ఉంటుంది. నంబర్ ఫార్మాట్ పెట్టి డెసిమల్స్ తీసేస్తే పూర్తిగా కనబడుతుంది. అలా మార్చకుండా సీఎస్‌వీగా సేవ్ చేస్తే మాత్రం తెరమీద ఉన్న ఆ కుదించిన రూపమే ఫైల్లోకి వెళుతుంది. అప్పుడు అసలు అంకెలు నిజంగానే పోయినట్టు.

మందు సులువే. లెక్క కట్టాల్సిన అవసరం లేని నంబర్లు, అంటే ఆధార్, ఖాతా, ఫోను, ఉద్యోగి నంబర్ల కాలమ్‌ను టైప్ చేయకముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి.

అపోహ: తేదీలు కొడితేనే తేదీలు వస్తాయి.

వాస్తవం: తేదీ కానివీ తేదీలైపోతాయి. మన ఇంటి నంబర్లకు ఈ సంగతి బాగా తెలుసు. భారతీయ సెట్టింగులున్న కంప్యూటర్లో 4-7-12 అని డోర్ నంబర్ కొడితే ఎక్సెల్ దాన్ని 2012 జులై 4గా మార్చేస్తుంది. పక్కనే 4-17-12 మాత్రం అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే పదిహేడో నెల లేదు. ఒకే కాలమ్‌లో సగం చిరునామాలు, సగం తేదీలు! కంగారుపడి టెక్స్ట్‌గా మారిస్తే 41094 అని వస్తుంది. ఎక్సెల్ దృష్టిలో తేదీ అంటే 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కించిన రోజుల సంఖ్య. లోపల దాచుకున్నది అదే.

ఈ తలనొప్పి శాస్త్రవేత్తలనూ వదల్లేదు. మార్చ్1, సెప్ట్1 వంటి పేర్లున్న మానవ జన్యువులు ఎక్సెల్ పట్టికల్లో తేదీలైపోతుండటంతో, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో వాటిని మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1గా మార్చింది. సాఫ్ట్‌వేర్‌ను మార్చలేక జన్యువుల పేర్లే మార్చుకున్నారన్నమాట. ముందున్న సున్నాలు తీసేయడం, పొడవాటి అంకెలను కుదించడం వంటి మార్పుల్ని ఆపుకునే ఆప్షన్లను మైక్రోసాఫ్ట్ 2023లో ఎక్సెల్‌కు చేర్చింది. అయినా డోర్ నంబర్ల కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోవడమే నిశ్చింత.

అపోహ: ఫైలు తెరుచుకుందంటే డేటా మొత్తం వచ్చినట్టే.

వాస్తవం: ఇప్పటి ఎక్సెల్ షీట్లో 10,48,576 వరసలు పడతాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైల్లో పట్టేవి 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ కొవిడ్ పరీక్షల ఫలితాలను ఈ పాతరకం ఫైళ్లలోకి ఎక్కించింది. వరసలు నిండిపోయాక మిగిలినవి జారిపోయాయి. సెప్టెంబరు చివరి వారం, అక్టోబరు మొదటి రెండు రోజుల్లో 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. వైరస్ సోకినవాళ్లతో మెలిగినవారిని అప్రమత్తం చేయడమూ ఆలస్యమైంది. ఎవరైనా పెద్ద డేటా పంపితే తెరిచిన వెంటనే చివరి వరసకు వెళ్లి, పంపినవారు చెప్పిన వరసల సంఖ్యతో సరిచూసుకోవాలి.

అపోహ: హైడ్ చేసిన షీటు అవతలివాళ్లకు కనబడదు.

వాస్తవం: షీటు పేరు మీద రైట్ క్లిక్ చేసి అన్‌హైడ్ కొడితే చాలు, మొత్తం బయటపడుతుంది. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ, మన ఆర్టీఐ లాంటి ఒక దరఖాస్తుకు జవాబుగా ఎక్సెల్ ఫైలు ఇచ్చింది. అందులో దాగి ఉన్న షీటులో సుమారు 9,500 మంది సిబ్బంది ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే చోట్లు ఉన్నాయి. ఫైలు ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. తర్వాతి ఏడాది బ్రిటన్ సమాచార కమిషనర్ ఆ శాఖకు 7.5 లక్షల పౌండ్ల జరిమానా వేశారు.

షీటుకు పెట్టే ప్రొటెక్ట్ పాస్‌వర్డ్‌నూ తాళంగా భావించకూడదు. అది పొరపాటున ఫార్ములాలు చెరిగిపోకుండా కాపాడటానికే. ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ అడిగే ఎన్‌క్రిప్షన్ దీనికి పూర్తిగా వేరు. బయటివాళ్లకు పంపేటప్పుడు కావలసిన కాలమ్స్‌ను మాత్రమే కొత్త ఫైల్లోకి విలువలుగా పేస్ట్ చేసి పంపడం మంచిది. ఫైల్ మెనూలోని ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నొక్కితే దాగి ఉన్న షీట్లు, కామెంట్లు, రాసినవారి పేరు వంటివి ఏమున్నాయో అదే చూపిస్తుంది.

అపోహ: పీడీఎఫ్‌లో నల్ల గీత పూస్తే కింద ఉన్నది చదవలేరు.

వాస్తవం: అక్షరాల మీద నల్ల పెట్టె పెట్టినంత మాత్రాన అక్షరాలు పోవు. ఆ భాగాన్ని సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మనాఫర్ట్ అనే రాజకీయ సలహాదారు తరఫు న్యాయవాదులు కోర్టుకు ఇచ్చిన పత్రంలో ఇదే జరిగింది. నలుపు కింది రహస్యాలను విలేకరులు కాపీ, పేస్ట్‌తోనే చదివేశారు. పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌లోని రిడాక్ట్ అనే పనిముట్టు అక్షరాలను ఫైల్లోంచే తీసేస్తుంది. అది లేకపోతే వర్డ్‌లోనే ఆ మాటలు చెరిపేసి, వాటి స్థానంలో చుక్కలు పెట్టి, ఆ తర్వాత పీడీఎఫ్ చేయండి. వర్డ్‌లో క్రాప్ చేసిన ఫొటో కూడా ఇంతే. కత్తిరించామనుకున్న భాగం ఫైల్లోనే ఉంటుంది, కంప్రెస్ పిక్చర్స్‌లో క్రాప్ చేసిన భాగాలను తొలగించమని చెబితే తప్ప.

అపోహ: తెరమీద తెలుగు కనిపిస్తే ఫైల్లో ఉన్నదీ తెలుగే.

వాస్తవం: మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అను వంటి ఫాంట్లలో ఫైలు లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల సంకేతాలే. వాటి స్థానంలో తెలుగు బొమ్మలు గీసి చూపించడం ఫాంటు పని. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అడ్డదిడ్డంగా గుర్తులు వస్తాయి. ఒక పేరు వెతకాలన్నా, జాబితాను అకారాది క్రమంలో పెట్టాలన్నా కుదరదు.

యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. ‘క’కు 3093. ఫాంటు మారితే అక్షరం అందం మారుతుంది కానీ అక్షరం మారదు. ‘యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవు’ అనే మాట కూడా పాతబడింది. మల్లన్న, ధూర్జటి, రామభద్ర వంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. విండోస్‌లో తెలుగు కీబోర్డు ఒకసారి చేర్చుకుంటే విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కి భాష మార్చుకోవచ్చు. పాత అను ఫైళ్లను కన్వర్టర్లతో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, మార్చాక ప్రూఫ్ దిద్దడం మాత్రం తప్పనిసరి.

అపోహ: డ్రైవ్‌లో ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ చేసేది సింక్. మీ ల్యాప్‌టాప్‌లో సింక్ అయ్యే ఫోల్డర్‌లోంచి ఫైలు డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో అది 30 రోజులు ఉంటుంది. ఆఫీసు వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో, కంపెనీ వేరేగా పెట్టుకోకపోతే, 93 రోజులు. ఆ గడువు దాటాక అడిగి లాభం లేదు. ముఖ్యమైన ఫైళ్ల కాపీ ఒకటి సింక్‌తో సంబంధం లేనిచోట విడిగా ఉండాలి. పెన్‌డ్రైవ్‌లోంచి డిలీట్ చేసినవి సాధారణంగా రీసైకిల్ బిన్‌కు కూడా వెళ్లవని గుర్తుంచుకోండి.

అపోహ: రిఫ్రెష్ కొడితే కంప్యూటర్ వేగం పుంజుకుంటుంది.

వాస్తవం: డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ కొడితే ఐకాన్లను మళ్లీ గీస్తుంది, అంతే. మెమరీ ఖాళీ కాదు. షట్‌డౌన్ మీద కూడా అతినమ్మకం వద్దు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, తెర ఆరిపోయినా సిస్టమ్ లోపలి స్థితిని డిస్కులో దాచుకుని మర్నాడు అదే తెరుస్తుంది. పాత చిక్కు కూడా దాంతోపాటే రావచ్చు. కంప్యూటర్ మొరాయిస్తే నొక్కాల్సింది రీస్టార్ట్. అది అన్నింటినీ మొదటినుంచి మొదలుపెడుతుంది.

అపోహ: ఫార్ములాలు ఎన్ని వస్తే అంత నిపుణులు.

వాస్తవం: 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ప్రభుత్వాల అప్పు గురించి రాసిన వ్యాసాన్ని ఎన్నో దేశాల్లో ప్రస్తావించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వాళ్ల ఎక్సెల్ షీటు తెరిచి చూస్తే, సగటు కట్టిన ఫార్ములాలో ఐదు దేశాల వరసలు కలవనేలేదు. ఆ వ్యాసం మీద అతను, అతని అధ్యాపకులు లేవనెత్తిన అభ్యంతరాల్లో అదొకటి. అది కోర్సు మొదటి వారంలో నేర్పే యావరేజ్ ఫార్ములా. తప్పు ఫార్ములాలో లేదు, అది ఎక్కడినుంచి ఎక్కడివరకు కూడుతోందో చూడకపోవడంలో ఉంది. ఫార్ములాలు ఏఐ రాసిపెడుతున్న ఈ రోజుల్లో ఆ చూపు మరింత అవసరం. సెల్ మీద ఎఫ్2 నొక్కితే ఫార్ములా ఏయే సెల్స్‌ను తీసుకుంటోందో రంగు గీతలతో కనిపిస్తుంది.

అమీర్‌పేటలో కోర్సు చేసినా, ఆఫీసులోనే నేర్చుకున్నా, కొత్తగా చేరినవారికి మీరు పని నేర్పేటప్పుడు షార్ట్‌కట్ల కంటే ముందు ఈ సరిచూసుకునే అలవాటు నేర్పండి. ఫైలు పంపే ముందు నంబర్ల కాలమ్ ఏ ఫార్మాట్‌లో ఉందో, వరసలు ఎన్ని ఉన్నాయో, దాగి ఉన్నవి ఏమైనా ఉన్నాయో చూడటానికి రెండు నిమిషాలు చాలు. సెండ్ నొక్కాక వాటిని దిద్దడం మీ చేతిలో ఉండదు.