బడిసంచిలోని మందు

ఆలేరు వాగుపై పోచారము ఆనకట్ట పూర్తియైన 1922వ సంవత్సరముననే, జనవరి 11వ తేదీన, కెనడాలోని టొరంటో వైద్యశాలలో లెనార్డ్ థామ్సన్ అను 14 ఏండ్ల బాలునకు, బాంటింగు, బెస్టుల పరిశోధనాఫలమైన ఇన్సులినును మొదటగా ఎక్కించిరి. తొలి మోతాదు ఫలింపకున్నను, పండ్రెండు దినముల పిమ్మట శుద్ధిచేసి ఇచ్చిన మందుతో మృత్యుముఖమున నున్న ఆ బాలుడు తేరుకొని, మరి 13 ఏండ్లు జీవించెను. ఆనాడు వైద్యుల చేతులలోనే ఉండిన ఆ సూదిని నేడు పిల్లలు స్వయముగా వేసికొనగలుగుచున్నారు. ఐనను బడిగడప దాటిన పిమ్మట అది ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్న మనకింకను తేలలేదు.

ఆ పోచారము ఆనకట్ట గల నాగిరెడ్డిపేట మండలములోని ఒకానొక ఉన్నత పాఠశాలలో టైప్ 1 మధుమేహము గల బాలిక చదువుచున్నదనుకొందము. పెద్దలకు సాధారణముగా వచ్చు షుగరు వంటిది కాదిది. క్లోమగ్రంథిలో ఇన్సులిను పుట్టుటయే నిలిచిపోయిన స్థితి. మధ్యాహ్నభోజనపు గంట కొట్టి, పళ్లెములో అన్నము పడకముందే ఆమె సూది వేసికొనవలెను. మందు ఇంటివద్ద నున్నచో, తండ్రి పొలమునకును తల్లి కూలికిని పోయిన వేళ దానిని తెచ్చువారెవరు? సూది మానినచో రక్తములో చక్కెర మితిమీరును; అన్నము మానినచో, ఉదయము వేసికొన్న మందు బలమున చక్కెర పడిపోవును. ఈ రెంటి నడుమ నలిగి, మరుగుదొడ్డి చాటున గుట్టుగా సూది వేసికొను పిల్లలు కలరు. ఆడపిల్ల వ్యాధి ఊరికి తెలిసినచో పెండ్లి కుదరదను భయముతో తలిదండ్రులే దాచుమనుటయు కలదు. ఈ గోప్యత వ్యాధికంటె క్రూరమని నేను తలంతును. ఏలయన రహస్యముగా జబ్బును మోయు బిడ్డ స్పృహ తప్పిన క్షణమున చుట్టునున్నవారికి కారణమే తెలియదు.

చక్కెర పడిపోవుట నిమిషములమీద జరుగును. చెమటలు, చేతుల వణకు, మాట తడబాటు, కారణము లేని కోపము – వీనిని చూచి ఉపాధ్యాయుడు అల్లరి యనుకొనవచ్చును. రక్తములో చక్కెర 70 మి.గ్రా./డె.లీ.కి దిగినచో సుమారు 15 గ్రాముల గ్లూకోజు, అనగా మూడు చెంచాల చక్కెర, వెంటనే నోట వేసికొని, 15 నిమిషములకు మరల పరీక్షించుకొనవలెను. స్పృహ తప్పినవారి నోట మాత్రము ఏమియు పోయరాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ ఎందరి ప్రాణములనో నిలిపినది. కాని ఆ బండి పల్లెకు చేరులోపలి తొలి నిమిషములు, బిడ్డ సంచిలో ఏమున్నదో దానిమీదనే ఆధారపడి యుండును.

దమ్ము సంగతియు నిట్టిదే. వరికోతల కాలమున కల్లములలో లేచు పొట్టుధూళికి, కొయ్యకాళ్లు కాల్చిన పొగకు ఉబ్బసము గల పిల్లల శ్వాసనాళములు బిగిసికొనును. సాల్బుటమాల్ పంపు (ఇన్‌హేలరు) పీల్చిన కొలది నిమిషములలో అవి సడలును. 2012లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున రాయన్ గిబ్బన్స్ అను 12 ఏండ్ల బాలుడు బడిలో దమ్ము ముదిరి మరణించెను. అతని పంపు ప్రధానోపాధ్యాయుని గదిలో తాళము వెనుక నుండెను. తల్లి పట్టువిడువక పోరాడగా, పిల్లలు తమ పంపును తమవద్దనే ఉంచుకొనవచ్చునని ఆ రాష్ట్రము 2015లో అతని పేరనే శాసనము చేసినది. ఇంగ్లండులో 2014 నుండి బడులే అదనపు పంపును కొని ఉంచుకొనవచ్చును. మన పల్లెలలోనో, పంపునకు అలవాటుపడుదురను అపోహ ఇంకను బలముగా నున్నది. మృగశిర కార్తెనాడు చేపమందునకై హైదరాబాదు పోవువారి విశ్వాసమును నేను నిందింపను. దానిని నమ్మి పంపును పారవేయుట మాత్రము ప్రాణాంతకము.

పిల్లల చేతికి మందు ఇచ్చినచో తోటివారు దానితో ఆటలాడుదురను ఉపాధ్యాయుల భయము నిరాధారము కాదు. ఆరోగ్యవంతుడు పంపును ఒకసారి పీల్చినచో కొంతసేపు గుండెదడ, వణకు కలుగవచ్చును. ఇన్సులిను అట్లు కాదు, అన్యుల శరీరములో అది మిక్కిలి అపాయకరము, కనుక దానిని మూతగల పెట్టెలో భద్రపరుపవలెను. ఎండకాలమున వాడుకలోనున్న సీసాను చల్లని మట్టికుండలో ఉంచుట మేలు. మూడవ తరగతి బిడ్డపై ఈ భారమంతయు మోపుట తగదు. అచట ఉపాధ్యాయుడే నేర్చుకొని చేయూత నీయవలెను. వైద్యుడు నేర్పి, సమర్థుడని చెప్పిన ఎనిమిదవ తరగతి బాలుని సంచినుండి మందును లాగుకొనుటకు నాకు న్యాయము కనబడదు. ఒకటి సంచిలోను, మరియొకటి తాళము వేయని బీరువాలోను ఉండుట ఉత్తమము.

సి.బి.ఎస్.ఇ. వారు 2017లోనే మధుమేహము గల విద్యార్థులు చక్కెర బిళ్లలను, తినుబండారములను పరీక్షా మందిరమునకు తెచ్చుకొనుట కనుమతించిరి. 2023 మార్చిలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషను, తరగతిలోనే రక్తపరీక్ష, ఇన్సులిను, చిరుతిండి అనుమతింపవలెనని రాష్ట్రములకు వ్రాసెను. ఉత్తరప్రదేశము ఆ ఏడాదియే ఉత్తర్వు నిచ్చెను. ఆ కమిషను లేఖ ప్రతిని వైద్యుని చీటితో జతచేసి, జూనులో బడి తెరచిననాడే ప్రధానోపాధ్యాయునకు ఇచ్చుట తలిదండ్రులకు సాధ్యమైన పని. పదవ తరగతి పరీక్షలకు తరచుగా వేరొక బడిలో కేంద్రము పడును గనుక, అక్కడి చీఫ్ సూపరింటెండెంటునకును మార్చిలోగా ఒక ప్రతి చేరవలెను.