బాటకు గరుసెంత కావలెను?

మా పాఠశాల ప్రహరిద్వారమునుండి వసారామెట్లవఱకు 120 అడుగుల బాట కలదు. ఐరాల ప్రాంతపు ఎఱ్ఱనేల ఎండలో ఱాయివలెనుండి, కార్తికమాసపు వానలు పట్టినతోడనే కాలికంటుకొను బురదయగును. అందుచేత దానిపై గరుసు పోయింప నిశ్చయించి, పిల్లల తలిదండ్రు లిచ్చిన చందాతో నాలుగు ట్రాక్టరుల గరుసు తోలించితిమి. లెక్క మేమే వేసితిమి. దిమ్మెసలతో కొట్టించిన పిదప చూడగా మెట్లకు 12 అడుగుల దూరముననే గరుసు ముగిసెను, పైకమును ముగిసెను. ఆ నవంబరు నెలయంతయు చిన్న తరగతుల పిల్లలు ఆ బురదలో దిగియే లోనికి రావలసివచ్చెను. ఇరువురు ముగ్గురు పుస్తకములతో జారిపడిరి. గణితము బోధించువారమయ్యు నెచ్చట తప్పితిమో విద్యార్థులెల్లరు చూచుటకై ఆ లెక్కను విప్పి చూపుచున్నాము.

బాట వెడల్పు 8 అడుగులు. గట్టిపడిన పిదప 4 అంగుళముల మందముండవలెను. అనగా అడుగులో మూడవవంతు. (దీనిని 0.4 అడుగని వ్రాయు బాలురు ప్రతి తరగతిలోను కొందఱుందురు. వారికి మార్కులేకాక బండిబాడుగయు నష్టమే.) 120ని 8చే హెచ్చింప 960 చదరపుటడుగులు, అందు మూడవవంతు 320 ఘనపుటడుగులు. ట్రాక్టరు తొట్టి పొడవు 10, వెడల్పు 6, లోతు ఒకటిన్నర అడుగులు. కావున 90 ఘనపుటడుగులు పట్టును. నాలుగు తొట్లకు 360. ఇంకను 40 మిగులునని సంతోషించితిమి!

మఱచినదేమనగా, బండినుండి దిగిన గరుసు వదులుగానుండును. తడిపి కొట్టగా సందులు పూడి, మా గరుసు అయిదవవంతు క్రుంగెను. 360లో 72 పోగా నిలిచినది 288. కావలసినదానికి 32 తక్కువ. ఒక్కొక్క అడుగు బాటకు రెండును మూడింట రెండువంతుల ఘనపుటడుగులు పట్టును గనుక, ఆ 32 సరిగా 12 అడుగుల బాటయే.

అయిదవవంతు తగ్గునని అయిదవవంతే కలిపిన చాలదు. 320కి 64 కలిపిన 384. అందు అయిదవవంతు పోగా ఇంచుమించు 307 మాత్రమే. నాలుగవవంతు కలుపవలెను: 400లో 80 పోగా 320. ఇసుక, గరుసు అమ్మువారు 100 ఘనపుటడుగులను ఒక యూనిట్టందురు గనుక మాకు కావలసినది నాలుగు యూనిట్లు, ఆ తొట్టితో అయిదు తోలకములు. అన్ని మన్నులును ఒకే తీరున క్రుంగవు. ఒక బొక్కెన నిండ పోసి, తడిపి, కొట్టి, ఎన్ని అంగుళములు దిగెనో ముందుగా చూచుట మేలు.

అయిదవ తోలకమునకు మరల చందా అడుగవలసివచ్చెను, అడుగుటకు సిగ్గుపడితిమి. అందు 50 ఘనపుటడుగులు మిగులగా, ఆటస్థలపు మూలనున్న పల్లమునకు వాడదలచి, ఎనిమిదవ తరగతివారిచే కొలిపించితిమి. పల్లము లోతు చోటుచోటునకు మాఱును. భాస్కరాచార్యులు 1150లో రచించిన లీలావతిలో ఇట్టి గోతులకు ఉపాయము చెప్పెను: పలుచోట్ల కొలిచి, కూడి, కొలిచిన చోట్ల సంఖ్యచే భాగించుట. త్రాడు మట్టముగా బిగించి చూడగా లోతులు 2, 5, 8, 6, 4 అంగుళములు వచ్చెను, సగటు 5. పల్లము పొడవు 24, వెడల్పు 15 అడుగులు గనుక 150 ఘనపుటడుగులు. నాలుగవవంతు కలుప సుమారు 188. మిగిలిన 50 తీసివేయగా 138, అనగా రెండు తోలకములు. పరీక్షలు ముగిసిన పిదప తోలింతుము.