కౌంటు నుంచి విలోమానుపాతం దాకా: పాఠశాల గణితంలో ప్రేరణ, బోధనా మార్గం

వ్యాససంగ్రహం:
గణితంపై ఆసక్తి కలిగితే విద్యార్థి నేర్చుకుంటాడన్నది బోధనా రంగంలో స్థిరపడిన అభిప్రాయం. ఈ క్రమం చాలా సందర్భాలలో తలకిందులుగా ఉంటుందని, చేయగలిగిన అనుభవం నుంచే ఆసక్తి పుడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వెంకటాచలం పరిసరాలలో వాడుకలో ఉన్న రొయ్యల కౌంటు, అంకణం, పుట్టి లెక్కలను ఆధారంగా తీసుకుని, ఇంటి లెక్కను బడి లెక్కతో కలిపే బోధనా మార్గాన్ని వివరిస్తుంది.

కీలక పదాలు: గణిత బోధన, అభ్యసన ప్రేరణ, విలోమానుపాతం, స్థానిక కొలమానాలు, పావులూరి మల్లన.

1. ఉపోద్ఘాతం

నెల్లూరుకు దక్షిణంగా జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న వెంకటాచలం మండలంలో రెండు రకాల లెక్కలు పక్కపక్కనే నడుస్తుంటాయి. సర్వేపల్లి వైపు వరి మాగాణుల్లో దిగుబడిని పుట్లలో చెబుతారు. తూర్పున ముత్తుకూరు, కృష్ణపట్నం వైపు రొయ్యల గుంటల దగ్గర మాటలన్నీ కౌంటు చుట్టూ తిరుగుతాయి. ఇంటి స్థలం కొనేవారు అంకణాలలో బేరమాడతారు. ఈ కుటుంబాల పిల్లలే ఉదయం బడికి వచ్చి, ఎనిమిదవ తరగతిలో అనుపాతాల అధ్యాయం దగ్గర ఆగిపోతారు. ‘నాకు లెక్కలు రావు’ అనే మాట చాలామంది నోట స్థిరపడేది ఇంచుమించు ఈ దశలోనే. ఆ మాట ఒక అధ్యాయానికే పరిమితం కాదు. పదవ తరగతి తరువాత ఏ చదువు ఎంచుకోవాలో కూడా అదే నిర్ణయిస్తుంది.

జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005లో భాగంగా గణిత బోధనపై ఆర్. రామానుజం అధ్యక్షతన వెలువడిన ఆధార పత్రం అధికసంఖ్యాక బాలల్లో ఉన్న భయాన్ని, వైఫల్య భావనను మొదటి సమస్యగా గుర్తించింది. పాఠ్యప్రణాళిక ఇటు ప్రతిభ గల కొద్దిమందిని, అటు పాల్గొనలేని అధికసంఖ్యాకులను కూడా నిరాశపరుస్తున్నదని ఆ పత్రం చేసిన విమర్శ ఇప్పటికీ పాతబడలేదు.

2. ఆసక్తి ముందా, సాఫల్యం ముందా?

ప్రేరణను వివరించే సిద్ధాంతాలలో రెండు ఇక్కడ ఉపయోగపడతాయి. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్‌ల స్వయంనిర్ణయ సిద్ధాంతం ప్రకారం అంతర్గత ప్రేరణకు స్వేచ్ఛ, సామర్థ్య భావన, తోటివారితో అనుబంధం ఆధారాలు. జాక్వెలిన్ ఎకిల్స్ తదితరుల సిద్ధాంతం విద్యార్థి మనసులోని రెండు ప్రశ్నలను ముందుకు తెస్తుంది: ఇది నేను చేయగలనా? చేస్తే నాకేమిటి? మన తరగతి గదులు ప్రోత్సాహం పేరుతో సాధారణంగా రెండవ ప్రశ్నకే సమాధానం చెబుతాయి. మార్కులు, బహుమతులు, ఉద్యోగాలు, పోటీ పరీక్షలు అన్నీ ఆ కోవలోనివే. మొదటి ప్రశ్న మాత్రం విద్యార్థి మనసులోనే ఉండిపోతుంది.

బహుమతుల విషయంలో డెసీ 1971లో ప్రచురించిన ప్రయోగం గమనింపదగినది. ఘనాకారపు ముక్కల ప్రహేళికను డబ్బు తీసుకుని పూరించిన కళాశాల విద్యార్థులు, ఆ డబ్బు ఆగిపోయాక, ఖాళీ సమయంలో దాని జోలికి వెళ్లడం తగ్గించారు. బహుమతి ఎప్పుడూ చేటు చేస్తుందని దీని అర్థం కాదు. సహజమైన కుతూహలం ఉన్నచోట వెల కడితే ఆ కుతూహలం సన్నగిల్లవచ్చునన్నంతవరకే ఆ ప్రయోగాన్ని గ్రహించాలి.

ఇంతకన్నా ముఖ్యమైనది కెనడాలో 1,478 మంది బాలలను ప్రాథమిక తరగతుల్లో అనుసరించిన అధ్యయనం (గారన్-కారియర్ తదితరులు, 2016). ముందటి తరగతిలోని గణిత సాధన తరువాతి తరగతిలోని ఆసక్తిని సూచించింది. ముందటి ఆసక్తి మాత్రం తరువాతి సాధనను సూచించలేదు. అక్కడి పరిస్థితులు మనవి కావు. ఒక్క అధ్యయనంతో సూత్రీకరించడమూ తగదు. అయినా, ముందు ఆసక్తి కలిగించి తరువాత పాఠం చెప్పాలనే మన అలవాటును ప్రశ్నించడానికి ఇది చాలు. ఉపాధ్యాయుడు వెదకవలసింది విద్యార్థి ఇప్పటికే నెగ్గుతున్న లెక్క ఏదో, దాని పక్కన వేయగలిగిన తరువాతి అడుగు ఏదో.

3. బజారు లెక్క, బడి లెక్క

విద్యార్థి ఇప్పటికే నెగ్గుతున్న లెక్క బడి బయట ఉంటుందని చూపిన ప్రసిద్ధ పరిశోధన బ్రెజిల్‌లోని రెసిఫె నగరానిది. కారహర్, ష్లీమన్ తదితరులు 1985లో ప్రచురించిన ఆ పరిశోధనలో వీధి వ్యాపారం చేసే ఐదుగురు పిల్లలు అమ్మకం దగ్గర 98.2 శాతం లెక్కలు సరిగా చేశారు. అవే అంకెలను కాగితం మీద కేవలం సంఖ్యలుగా ఇచ్చినప్పుడు అది 36.8 శాతానికి పడిపోయింది.

దీనిని ఆధారం చేసుకుని, స్థానిక ఉదాహరణలు ఇస్తే చాలు గణితం వచ్చేస్తుందనే వాదన బలపడింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ నగరాలలో జరిపి 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఆ వాదనను సవరించుకోమంటుంది. బజారులో పనిచేసే 1,436 మంది పిల్లలు అమ్మకపు లెక్కలను నోటితోనే సమర్థంగా చేశారు కాని, పాఠ్యపుస్తకపు తరహా లెక్కల దగ్గర తడబడ్డారు. బజారు అనుభవం లేని బడిపిల్లలది దీనికి విరుద్ధమైన స్థితి. పనిచేసే పిల్లలలో మూడోవంతుకు పైగా సాధించిన ఒక బజారు లెక్కను వారిలో ఒక్క శాతం మాత్రమే సాధించగలిగారు. అంటే ఒక చోటి నేర్పు మరొక చోటికి తనంత తాను నడిచి రాదు. దానిని చేయి పట్టి తీసుకురావలసింది ఉపాధ్యాయుడే.

కనుక పాఠ్యపుస్తకంలోని ‘ఆపిల్ పండ్లు’ తీసేసి ‘రొయ్యలు’ అని రాసినంత మాత్రాన అది స్థానిక గణితం కాదు. పేరు మారింది, లెక్క మారలేదు.

4. కౌంటు: ఒక పాఠం

రొయ్యల సాగులో కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. 100 కౌంటు అంటే ఒక్కో రొయ్య సగటున 10 గ్రాములు, 50 కౌంటు అంటే 20 గ్రాములు, 40 కౌంటు అంటే 25 గ్రాములు. కౌంటు తగ్గితే రొయ్య పెద్దదైనట్టు, ధర పెరిగినట్టు. ఈ ‘తగ్గితే పెరగడం’ గుంట దగ్గర పెరిగిన పిల్లవాడికి వింత కాదు. తండ్రి విసురు వలతో కొన్ని రొయ్యలు తీసి, తూచి, లెక్కపెట్టి కౌంటు చెప్పడం అతడు చూసి ఉంటాడు. విలోమానుపాతమనే పదమే అతడికి తెలియదు.

పాఠం ఈ పదంతో మొదలైతే అతడికి తెలిసినది కూడా తెలియనిదవుతుంది. పదం చివరకు రావాలి. మొదట నోటి లెక్క: ‘80 కౌంటు రొయ్య ఎన్ని గ్రాములుంటుంది?’ అన్న ప్రశ్నకు పిల్లలు తమ ఇంటి మాటల్లో సమాధానం, ఆ సమాధానం రాబట్టిన తీరు చెప్పాలి. తరువాత పట్టిక: ఒక వరుసలో కౌంటు, మరొక వరుసలో బరువు. పట్టికలో ఏది మారుతున్నదో పిల్లలు ఇట్టే చెబుతారు. ఏది మారడం లేదో చెప్పడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయాన్ని ఉపాధ్యాయుడు ఓర్చుకోవాలి. 100ను 10తో, 50ను 20తో, 40ను 25తో గుణిస్తే ప్రతిసారీ 1000 రావడం, ఆ 1000 కిలోలోని గ్రాములే కావడం వారే కనుగొంటే, స్థిరలబ్ధమనే భావన కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదు. x, y అక్షరాలు వచ్చేది ఆ తరువాతే.

ఈ పాఠం ఇక్కడ ఆగితే సగమే. కౌంటు 100 నుంచి 90కి దిగితే రొయ్య బరువు ఎంత పెరుగుతుంది? సుమారు 1.11 గ్రాములు. 40 నుంచి 30కి దిగితే? 8.33 గ్రాములు. రెండుచోట్లా కౌంటు తగ్గింది పదే అయినా, పెరిగిన బరువులో ఏడున్నర రెట్ల తేడా. గ్రాఫు గీసినప్పుడు సరళరేఖకు బదులు వంపు ఎందుకు వస్తుందో ఈ రెండు అంకెలు చెబుతాయి. గుంట దగ్గర ఎవరూ ఇలా అడగరు. బడి అడగాలి. ఇంటి లెక్క చేయలేనిదాన్ని బడి గణితం చేసి చూపే ఘట్టం ఇదే. ‘ఇది నాకెందుకు’ అనే ప్రశ్నకు ఇంతకన్నా నిజాయితీగల సమాధానం లేదు.

ఇందులో ఒక జాగ్రత్త అవసరం. తరగతిలో రొయ్యల సాగు ఎరగని పిల్లలూ ఉంటారు. గుంటల మీద కూలికి వెళ్లే కుటుంబాల వారు, గుంటల యజమానుల బిడ్డలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. ‘మీ గుంట ఎన్ని ఎకరాలు?’ అన్న ప్రశ్నతో పాఠం మొదలుపెడితే కొందరు అక్కడే తల దించుకుంటారు. పోలిక లెక్కకే పరిమితం కావాలి.

5. అంకణం, పుట్టి

నెల్లూరు ప్రాంతంలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, అనగా ఆరడుగుల భుజం గల చదరం. ఈ మాటకు ఇతర ప్రాంతాలలో వేరే కొలత కూడా ఉంది. సెంటు 435.6 చదరపు అడుగులు కాబట్టి సెంటుకు 12.1 అంకణాలు, ఎకరాకు 1,210 అంకణాలు. బడి ఆవరణలో సుద్దతో ఒక అంకణం గీయిస్తే వైశాల్యం కళ్లకు కడుతుంది. పన్నెండు అంకణాలు గీశాక మిగిలిన పదోవంతును ఎలా గీయాలన్న చర్చ దశాంశాల పాఠమవుతుంది. ఆ పదోవంతును ఒక్కో జట్టు ఒక్కో ఆకారంలో గీస్తుంది. అన్నీ సరైనవే కావచ్చునని తెలియడమూ పాఠమే.

పుట్టికి 20 తూములన్నది పాత లెక్క. నెల్లూరు ధాన్యం వ్యాపారంలో పుట్టి అంటే 850 కిలోలు. క్వింటాలు ధరను పుట్టి ధరగా మార్చాలంటే 8.5తో గుణించాలి. రైతు బిడ్డకు ఈ గుణకారం ఎందుకన్నది వేరే చెప్పనక్కరలేదు.

6. మల్లన దారి

ఇది కొత్త ఆలోచన కాదు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించాడు. పావులూరి మల్లన దానిని సారసంగ్రహ గణితంగా తెనిగించాడు. తెలుగులో లభిస్తున్న తొలి శాస్త్ర గ్రంథాలలో అది ఒకటి. జైన సంప్రదాయపు ఉదాహరణల స్థానంలో ఆయన శైవ సంప్రదాయపు ఉదాహరణలు చేర్చాడని సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. మూలంలోని గణితాన్ని విడవకుండా, లెక్క నడిచే లోకాన్ని తన పాఠకుని లోకంగా మార్చడం అనువాదకుడిగా ఆయన చేసిన పని. దానిని బోధనా నిర్ణయంగా కూడా చదవవచ్చు.

మహావీరుని కంఠిక సంఖ్యలు మరొక పాఠం నేర్పుతాయి. 12345679ను 9తో గుణిస్తే 111111111, 139ని 109తో గుణిస్తే 15151, 142857143ను 7తో గుణిస్తే 1000000001. వీటికి రొయ్యతోగాని, వరితోగాని పనిలేదు. అయినా పిల్లలు వీటిని మళ్లీ మళ్లీ చేసి చూస్తారు. ప్రేరణకు దైనందిన ప్రయోజనం ఒక్కటే ఆధారమనుకునే వారికి ఈ హారాలు సమాధానం. ఆశ్చర్యం కూడా ఒక కారణమే. అయితే ఫలితం చూపి వదిలేస్తే అది గారడీ. ‘ఎందుకలా వచ్చింది?’ అని అడిగితే గణితం.

7. భాష, పరీక్ష

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఎదురెదురు పుటల్లో తెలుగు, ఆంగ్లం ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తరగతిలో వాటిని వాడే తీరు మీదే వాటి విలువ ఆధారపడి ఉంటుంది. ఆంగ్ల పుట పరీక్షకు, తెలుగు పుట అలంకారానికి అన్నట్టయితే పైన చెప్పిన నోటి లెక్క దశ మాయమవుతుంది. అలాగని తెలుగు పుటలోని ‘విలోమానుపాతం’ కూడా బాలుడి ఇంటి మాట కాదు. ఇంటి తెలుగు నుంచి గ్రంథ తెలుగుకు ఒక అడుగు, అక్కడి నుంచి ఆంగ్లానికి మరొక అడుగు ఉన్నాయని ఉపాధ్యాయ శిక్షణలో స్పష్టంగా చెప్పాలి.

పరీక్ష మారకపోతే ఈ ప్రయత్నమంతా తీరిక ఉన్నప్పుడు చేసే కార్యక్రమంగానే మిగులుతుంది. 2005 నాటి ఆధార పత్రం మూల్యాంకన పద్ధతుల మొరటుతనాన్ని కూడా ప్రధాన సమస్యగానే పేర్కొన్నది. ‘12 మంది కూలీలు ఒక పనిని 8 రోజుల్లో చేస్తే 16 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు?’ అనే ప్రశ్నకు 6 అని రాస్తే పూర్తి మార్కులు వస్తాయి. ‘ఒక రైతు 40 కౌంటు వచ్చినప్పుడు పట్టుబడి చేయాలా, 30 వచ్చేదాకా ఆగాలా అని ఆలోచిస్తున్నాడు. నిర్ణయానికి ఏయే అంకెలు కావాలి? ఎందుకు?’ అనే ప్రశ్నకు ఒక్క అంకె సమాధానం కాదు. మేత ఖర్చు, ధరల తేడా, చనిపోయే రొయ్యల శాతం అని విద్యార్థి రాసుకుంటూ పోతే, దానిని దిద్దడానికి ఉపాధ్యాయుడికి సమయమూ ప్రమాణమూ రెండూ కావాలి. జిల్లా స్థాయిలో ఇటువంటి ప్రశ్నలనూ, వాటిని దిద్దే ప్రమాణాలనూ సేకరించి పరీక్షించే పని పరిశోధక విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి చేపట్టదగినది.