రేటింగ్ చూడకుండా తినడం ఎలా? 57 మెట్రో స్టేషన్ల ఛాలెంజ్ కోసం ఫోన్‌ని ఇలా సెట్ చేశా

ఇప్పుడే మ్యాప్స్ ఓపెన్ చేసి "రెస్టారెంట్స్ నియర్ మీ" అని కొట్టండి. అదే రూమ్‌లో కూర్చుని వచ్చే నెల మళ్ళీ కొట్టండి. పైన కనిపించే నాలుగైదు పేర్లు దాదాపు అవే ఉంటాయి. మాదాపూర్ హాస్టల్స్‌లో ఉంటున్న నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది మూడు నాలుగేళ్ళుగా హైదరాబాద్‌లోనే ఉన్నా, వాళ్ళు తినే హైదరాబాద్ మాత్రం డెలివరీ యాప్ ఫస్ట్ స్క్రీన్ అంతే. మా ఊరు తెనాలి వైపు. అక్కడ ఏ సందులో ఎవరి దగ్గర ఏం బాగుంటుందో పదో క్లాస్ లోపే తెలిసిపోయింది, అదీ ఫోన్ లేకుండానే. ఇక్కడ చేతిలో 5జీ ఫోన్ పెట్టుకుని కూడా తెలియట్లేదంటే, మనం ఆ ఫోన్‌ని ఏం అడుగుతున్నామో ఒకసారి చూసుకోవాలి.

ఆ ఆలోచనతోనే ఈ ఛాలెంజ్ పెట్టుకున్నా. హైదరాబాద్ మెట్రోకి మూడు లైన్లు, 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. వారానికో స్టేషన్‌లో దిగాలి, అంతకుముందు ఎప్పుడూ తినని చోట తినాలి. ఇప్పటికి 31 అయ్యాయి. ఏ హోటల్ బాగుందో చెప్పే లిస్ట్ కాదు ఇది. ఫోన్‌ని దేనికి వాడాలి, దేనికి వాడకూడదు అనేదే ఈ ఆర్టికల్.

మ్యాప్స్ పైన చూపించేది ఎలా డిసైడ్ అవుతుంది?

లోకల్ రిజల్ట్స్‌ని ఏ లెక్కన పేరుస్తుందో గూగుల్ తనే చెబుతుంది. మూడు విషయాలు: మీరు వెతికినదానికి అది ఎంత దగ్గరగా సరిపోతోంది, మీ నుంచి ఎంత దూరం, ఆ షాప్ ఎంత ప్రసిద్ధం. ఈ మూడోదాంట్లో రివ్యూల సంఖ్య, రేటింగ్ కూడా కలుస్తాయి. ఇక్కడే చక్రం మొదలవుతుంది. పైన కనిపించిన చోటికి జనం ఎక్కువ వెళ్తారు, వెళ్ళినవాళ్ళు రివ్యూలు రాస్తారు, రివ్యూలు పెరిగితే మళ్ళీ పైనే కనిపిస్తుంది. ఉన్నోడికే అప్పు పుడుతుందన్నట్టు. కొత్తగా పెట్టిన టిఫిన్ సెంటర్ ఈ చక్రంలోకి ఎక్కడానికి చాలా టైమ్ పడుతుంది. తోపుడు బండి అయితే అసలు మ్యాప్‌లోనే ఉండదు.

దీనికి తోడు మనం "4.0 అండ్ అబవ్" అని ఫిల్టర్ పెడతాం. ఆ నంబర్‌ని కొంచెం విప్పి చూద్దాం. ఒక చోట 12 రివ్యూలకి 4.8 ఉంది. ఇంకో చోట 5,000 రివ్యూలకి 4.2 ఉంది. ఏది నమ్మాలి? మెషీన్ లెర్నింగ్ చదివినవాళ్ళకి బేసియన్ యావరేజ్ తెలిసే ఉంటుంది. ప్రతి షాప్‌కీ ముందే 4.0 రేటింగ్‌తో 20 రివ్యూలు ఉన్నాయని అనుకుని లెక్క మొదలుపెట్టండి. 20, 4.0 అనేవి నేను పెట్టుకున్న నంబర్లు, మీరు మార్చుకోవచ్చు. మొదటిదానికి 80 ప్లస్ 57.6 మొత్తాన్ని 32తో భాగిస్తే 4.3 వస్తుంది. రెండోదానికి 80 ప్లస్ 21,000 మొత్తాన్ని 5,020తో భాగిస్తే 4.2. అంటే అనుమానంతో చూసినా చిన్న షాపే కొంచెం పైన ఉంది. అదే 4.8కి మూడే రివ్యూలు ఉంటే? 94.4ని 23తో భాగిస్తే 4.1. ఇప్పుడు కిందకి పడింది. కాబట్టి రేటింగ్ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, పక్కనున్న బ్రాకెట్‌లో నంబర్ కూడా చూడాలి.

అయినా నా అసలు ఇబ్బంది లెక్కతో కాదు. ఆ స్టార్లలో పార్కింగ్ ఉంటుంది, ఏసీ ఉంటుంది, డెలివరీ లేటైన కోపం కూడా ఉంటుంది. ఇడ్లీ మెత్తగా ఉందా లేదా అనేది అందులో ఎంత భాగమో ఎవరూ చెప్పలేరు.

బండి దగ్గర బ్యాండిట్ ప్రాబ్లమ్

తెలిసిన చోటికే వెళ్ళాలా, కొత్తది ట్రై చేయాలా? కంప్యూటర్ సైన్స్‌లో దీనికి ఒక పేరుంది: మల్టీ ఆర్మ్‌డ్ బ్యాండిట్. మీ ముందు పది మెషీన్లు ఉన్నాయి, ఏది ఎంత ఇస్తుందో తెలియదు. లాగి చూస్తేనే తెలుస్తుంది, కానీ ప్రతి లాగుడికీ ఖర్చుంది. 1933లోనే విలియం థాంప్సన్ ఈ తరహా సమస్య మీద పేపర్ రాశాడు. రెండు చికిత్సల్లో ఏది మెరుగో ఇంకా తేలనప్పుడు రోగుల్ని వాటి మధ్య ఎలా పంచాలి అనేది ఆయన ప్రశ్న. ఇప్పుడు యాడ్స్, రికమెండేషన్ సిస్టమ్స్‌లో ఆయన పద్ధతి థాంప్సన్ శాంప్లింగ్ పేరుతో వాడుతున్నారు.

అందరికీ తేలిగ్గా అర్థమయ్యే పద్ధతి మాత్రం ఎప్సిలాన్ గ్రీడీ. పదిలో తొమ్మిదిసార్లు ఇప్పటివరకు బెస్ట్ అనుకున్నదాన్నే ఎంచుకో, ఒక్కసారి కళ్ళు మూసుకుని ఏదో ఒకటి లాగు. ఆ ఒక్కసారి లేకపోతే ఏమవుతుందో గమనించండి: మొదట్లో పర్వాలేదనిపించిన చోటే జీవితాంతం తింటారు. పక్క సందులో దానికి రెండింతలు బాగున్నది ఉన్నా మీకు తెలిసే దారే లేదు.

కొత్తవి ఎంత తరచుగా ట్రై చేయాలనేది ఇంకా ఎన్ని రోజులు ఆ ఊళ్ళో ఉంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. నోటీస్ పీరియడ్‌లో ఉండి వచ్చే నెల బెంగళూరు వెళ్ళిపోతున్నవాళ్ళు కొత్తవాటి జోలికి పోనవసరం లేదు, ఇష్టమైనచోట్లే హాయిగా తిని వెళ్ళండి. జాయినింగ్ లెటర్ పట్టుకుని మొన్ననే దిగినవాళ్ళకి లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఇప్పుడు దొరికిన ఒక మంచి చోటు ఇంకా రెండు మూడేళ్ళు పనికొస్తుంది.

నా రూల్స్

షీట్‌లో 57 స్టేషన్ల పేర్లు రాసి, రాండమ్ నంబర్ ఫార్ములా పెట్టా. శుక్రవారం రాత్రి నంబర్ తీస్తా, శనివారం వెళ్తా. స్టేషన్ నుంచి నడక ఒక కిలోమీటర్ దాటకూడదు. ఖర్చు 200 రూపాయల లోపు. తినేముందు రేటింగ్ గానీ రివ్యూ గానీ చూడకూడదు. డెలివరీ యాప్‌లో నాకు కనిపించే చోటైతే లెక్కలోకి రాదు. ప్రతి నాలుగో వారం కొత్తది మానేసి, పాతవాటిలో ఒకదానికి మళ్ళీ వెళ్తా. ఈ చివరి రూల్ చాలామందికి వింతగా అనిపిస్తుంది కానీ, ఒక్కసారి తిని తీర్పు చెప్పడమంటే ఒక్క డేటా పాయింట్‌తో గ్రాఫ్ గీయడమే. పొద్దున ఏడింటికి తిన్న దోశ, పదకొండింటికి పిండి అడుగంటాక తిన్న దోశ ఒకటి కావు.

రాండమ్‌గా తీయడం వల్ల లాభమేంటంటే, మీరు సొంతంగా ఎప్పుడూ ఎంచుకోని చోట్లు వస్తాయి. గాంధీ భవన్ వచ్చిన వారం మొజాంజాహీ మార్కెట్ దాకా నడిచి, సీతాఫల్ ఐస్‌క్రీమ్ తిన్నా. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అంటే అందరికీ సినిమా హాళ్ళు, బిర్యానీ గుర్తొస్తాయి, నాకు ఇప్పుడు వెనక సందులో పొద్దునే ఉగ్గాని బజ్జి వేసే బండి గుర్తొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల కోసం వెలసిన కర్రీ పాయింట్ల మధ్య నడుస్తుంటే, ఏ యాప్ డిజైన్ చేయని ఫుడ్ సిస్టమ్ ఇది అనిపించింది. అన్నం రూమ్‌లో కుక్కర్‌లో వండుకుంటారు, కూర మాత్రం కవర్లో కట్టించుకుని వెళ్తారు. అన్నీ బాగున్నాయని చెప్పను. ఒకచోట పునుగులు మొన్నటి నూనెలో వేసినట్టున్నాయి, రెండు తిని వదిలేశా. షీట్‌లో అది కూడా ఎంట్రీయే.

ఎక్కడ తినాలో కళ్ళతో ఎలా తేల్చుకోవాలంటే, నేను చూసేది ఒక్కటే: సరుకు ఎంత వేగంగా కదులుతోంది. పెనం మీద నుంచి నేరుగా ప్లేట్‌లోకి వస్తుంటే భయం లేదు. వేసి పెట్టిన గుట్టలోంచి తీసిస్తుంటే ముందుకు నడుస్తా. షాప్ అయితే గోడ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబర్ ఉంటుంది, కావాలంటే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో చెక్ చేసుకోవచ్చు. నీళ్ళ బాటిల్ మాత్రం నాదే.

లాగ్ కోసం కొత్త యాప్ అక్కర్లేదు

కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆన్ చేసి ప్లేట్‌కి ఒక్క ఫోటో తీయండి. తేదీ, టైమ్, లాటిట్యూడ్, లాంగిట్యూడ్ అన్నీ ఆ ఫోటో ఎక్సిఫ్ డేటాలో చేరిపోతాయి. గ్యాలరీలో మ్యాప్ వ్యూ ఓపెన్ చేస్తే మీ ఛాలెంజ్ మొత్తం చుక్కలుగా కనిపిస్తుంది. ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ లొకేషన్ డేటా పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది. రూమ్‌లో తీసిన ఫోటోలు డాక్యుమెంట్‌గా పంపేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మ్యాప్స్ టైమ్‌లైన్ వాడేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ డేటా ఇప్పుడు గూగుల్ సర్వర్‌లో కాకుండా మీ ఫోన్‌లోనే ఉంటుంది. బ్యాకప్ ఆన్ చేయకుండా ఫోన్ మారిస్తే హిస్టరీ పాత ఫోన్‌తోనే పోతుంది. అలాగే ఖర్చుల లెక్కకి బ్యాంక్ స్టేట్‌మెంట్ మీద ఆధారపడకండి. యూపీఐ లైట్‌తో కట్టిన చిన్న చిన్న పేమెంట్లు అందులో విడివిడిగా కనిపించవు, యాప్ హిస్టరీలో చూసుకోవాలి.

బండికి అడ్రస్ ఎలా? దీనికి ప్లస్ కోడ్ వాడుతున్నా. మ్యాప్ మీద వేలు నొక్కి పెడితే వస్తుంది, దాదాపు 14 మీటర్ల గడిని సూచిస్తుంది. అది కోఆర్డినేట్ల నుంచి లెక్కకట్టే కోడ్ కాబట్టి అక్కడ షాప్ పేరుతో లిస్టింగ్ ఉండాల్సిన పని లేదు.

ఇక జీపీఎస్. ఓపెన్ గ్రౌండ్‌లో ఫోన్ ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. మెట్రో వయడక్ట్ కింద నిలబడితే ఆకాశం సగం కాంక్రీట్ మూసేస్తుంది, మిగతా సిగ్నల్ పక్క బిల్డింగ్‌లకి తగిలి వస్తుంది. నీలం చుక్క రోడ్డు అటుపక్కకి గెంతుతుంది. ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్ కూడా పట్టే ఫోన్ అయితే ఈ గెంతులు తగ్గుతాయి. మీ ఫోన్‌కి ఉందో లేదో ఆండ్రాయిడ్‌లో జీపీఎస్‌టెస్ట్ అనే ఫ్రీ యాప్ చూపిస్తుంది. కొత్త ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ కన్నా ముందు నేనైతే ఇది చూస్తా. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి హైదరాబాద్ వాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు: మెట్రో పిల్లర్ నంబర్. నా షీట్‌లో దానికి ప్రత్యేకంగా ఒక కాలమ్ ఉంది.

ఫోటోల గురించి రెండు ముక్కలు. బండి దగ్గర చవక ఎల్ఈడీ లైట్ కింద ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు వస్తుంటే, అది మీ ఫోన్ లోపం కాదు. మన కరెంట్ 50 హెర్ట్జ్, లైట్ సెకనుకి 100 సార్లు మినుకుతుంది. ప్రో మోడ్‌లో షట్టర్‌ని సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో పెడితే చారలు పోతాయి. పొగలు కక్కే ఇడ్లీకి నైట్ మోడ్ ఆపేయండి. అది వరసగా తీసిన ఫ్రేమ్‌లు కలుపుతుంది, ఆ లోపు ఆవిరి కదిలిపోయి మసకగా వస్తుంది. ముందు లెన్స్ తుడవండి, అక్కడ సగం సమస్య నూనె చేతులదే.

మ్యాప్‌లో యాడ్ చేయాలా?

బాగున్న చోటు దొరకగానే "యాడ్ ఎ మిస్సింగ్ ప్లేస్" నొక్కాలనిపిస్తుంది. ఒకచోట సాయంత్రం పూట జొన్న రొట్టెలు కాల్చే అక్క ఉంది. పక్కనే టమాటా పచ్చడి, చేత్తో తట్టిన రొట్టె పొంగి పైకి లేస్తుంటే చూస్తూ ఉండిపోవచ్చు. నాలుగో వారం మళ్ళీ వెళ్ళినప్పుడు అడిగా, "అక్కా, నీ బండిని మ్యాప్‌లో పెట్టనా? ఇంకా జనం వస్తారు" అని.

"పెట్టకు తమ్మీ," అంది రొట్టె తిప్పుతూనే. "జనం కంటే ముందుగాల మున్సిపాలిటోళ్ళు జూస్తరు. గీ రొట్టెలు గూడ నేనొక్కదాన్నే చెయ్యాలె. ముప్పై మందొస్తే ఏడికెల్లి పెట్టాలె?"

వీధి వ్యాపారుల కోసం 2014 నుంచి ఒక చట్టం ఉంది. సర్వే చేసి, సర్టిఫికెట్ ఇచ్చి, అమ్ముకోవడానికి చోటు చూపించాలని అది చెబుతుంది. అయినా రోడ్డు పక్కన కూర్చున్నవాళ్ళకి పొద్దున ఉన్న చోటు సాయంత్రానికి ఉంటుందన్న ధీమా తక్కువే. మనకి ఒక పిన్ పెట్టడం పది సెకన్ల పని. ఆమెకి అది తన చోటు అందరికీ తెలిసిపోవడం. మరోచోట టిఫిన్ సెంటర్ అన్న మాత్రం తనే ఫోన్ ఇచ్చి, "నా షాప్ పెట్టి పో తమ్ముడూ, ఫోటో మంచిది పెట్టు" అన్నాడు. అతనికి షట్టర్ ఉంది, అద్దె కడుతున్నాడు, జనం కావాలి. అప్పటినుంచి అడగకుండా ఏదీ యాడ్ చేయట్లేదు. అక్క రొట్టెల చోటు నా ప్రైవేట్ లిస్ట్‌లోనే ఉంది, నోట్‌లో పిల్లర్ నంబర్, ఆరున్నర లోపు వెళ్ళాలని ఒక లైన్.

ఈ శనివారానికి తీసిన నంబర్ 44. నా షీట్‌లో అది తార్నాక.