ఒక్క సెల్ఫీ.... ఒక ఉద్యోగం!

రాత్రి రెండు గంటలయింది. హైదరాబాద్ శివార్లలో పాతకాలపు దివాణం సెట్టు. జనరేటర్ హోరు, టీ కప్పుల చప్పుడు.... షూటింగ్ కబుర్ల కోసం నేనూ ఓ మూల కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

కాస్ట్యూమ్స్ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె చేతిలో హ్యాంగరు పట్టుకుని, మేకప్ అద్దం ముందు సెల్ఫీ దిగింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. "నా మొదటి సినిమా!" అని రాసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. ఊళ్ళో వాళ్ళమ్మ చూసి మురిసిపోవాలని సరదా.

కానీ అద్దంలో ఆమె వెనక హీరోగారున్నారు! నెరిసిన గడ్డం, నుదుటి మీద పెద్ద మచ్చ.... ఎనిమిది నెలలుగా నిర్మాత గుట్టుగా దాచిన గెటప్పు!

తెల్లవారేసరికి ఆ బొమ్మ అభిమానుల పేజీలన్నీ చుట్టేసింది. మధ్యాహ్నం భోజనాలు వచ్చేలోగా ఆ అమ్మాయి ఉద్యోగం పోయింది.

"ఇలాంటివి పెట్టకూడదని తెలీదా అమ్మా?" అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు.

"ఎవరూ చెప్పలేదండీ" అంది కళ్ళు తుడుచుకుంటూ.

నిజమే. ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన కాగితమంటూ ఆ ఆఫీసులో ఒకటుంటే కదా!

ఆ సాయంత్రమే నిర్మాత నన్ను పిలిచారు. "ఏమోయ్, నువ్వు రాతగాడివి. ఈ ఫోన్ల గోలమీద నాలుగు రూల్సు రాసిపెట్టు. గోడకి అంటించేస్తాను" అన్నారు.

ఓ, అదెంత పని! అనుకున్నాను. ఎంత పనో తర్వాత తెలిసింది.

*భయం ఊరికే కాదు!*

నిర్మాతల భయాన్ని తీసిపారేయలేం. 2013 సెప్టెంబరులో "అత్తారింటికి దారేది" దాదాపు సగం సినిమా విడుదలకు ముందే బయటికొచ్చేసింది. అక్టోబరులో రావలసిన చిత్రాన్ని హడావుడిగా సెప్టెంబరు 27నే విడుదల చేశారు. 2016 నవంబరులో "బాహుబలి" రెండవ భాగం యుద్ధ దృశ్యాలు కొన్ని నిమిషాలు నెట్టుకెక్కితే, ఒక గ్రాఫిక్స్ ఉద్యోగిని పోలీసులు అరెస్టు చేశారు. 2022లో "సర్కారు వారి పాట"లోని 'కళావతి' పాటకు ఫిబ్రవరి 14న ముహూర్తం పెట్టుకుంటే, అది ముందే లీకయి, ఒకరోజు ముందుకు జరపాల్సి వచ్చింది.

ఒక సినిమా ఎన్ని చేతులు మారుతుందో చూడండి. ఎడిటింగ్, గ్రాఫిక్స్, డబ్బింగ్, రీ-రికార్డింగ్, రంగులు సరిచేసే ల్యాబు.... చాలాసార్లు ఒక్కో పని ఒక్కో కంపెనీది. నిర్మాత ముఖం కూడా చూడని కుర్రాడి కంప్యూటర్లో కోట్ల రూపాయల దృశ్యం పడి ఉంటుంది. అందుకే చాలాచోట్ల పంపే ప్రతి కాపీ మీదా అందుకున్నవాళ్ళ పేరు పడేలా ముద్ర వేస్తారు. కొన్ని సెట్లలో ఫోన్ కెమెరా మీద స్టిక్కరు అంటిస్తారు.

చట్టం కూడా గట్టిగానే ఉంది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం థియేటరులో సినిమాను దొంగచాటుగా రికార్డు చేసినా, దొంగ కాపీని లాభానికి ప్రదర్శించినా 3 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు. జరిమానా 3 లక్షలతో మొదలై, నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్ళవచ్చు.

అయితే సినిమాను దొంగిలించి అమ్ముకున్నవాడూ, అమ్మ కోసం సెల్ఫీ దిగిన అమ్మాయీ ఒకటేనా? నా తికమక అక్కడే మొదలైంది.

*నా మొదటి కాగితం*

ఒక్క రాత్రిలో ఇరవై రెండు రూల్సు రాసేశాను. అన్నీ "కూడదు, కూడదు, కూడదు" అనే! ఫోటో తీయకూడదు. సినిమా పేరెత్తకూడదు. యూనిట్ గురించి ఎక్కడా, ఎప్పుడూ, ఏమీ రాయకూడదు....

నిర్మాతగారికి ఇచ్చేముందు యూనిట్‌లో నలుగురికి చదివి వినిపించాను.

ముందుగా ఓ పెద్ద లైట్‌మన్. ముప్పై ఏళ్ళ సర్వీసు. "బాగుంది బాబూ. మరి బేటా రెండు నెలలు ఆగిపోతే అదీ రాయకూడదా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు జీతాలు పెంచమని పని ఆపినప్పుడు, వాళ్ళ గోడు మనందరికీ చేరింది వాళ్ళు నోరు విప్పబట్టే కదా!

తర్వాత గ్రాఫిక్స్ కుర్రాడు. "అన్నా, నేను చేసిన షాటు చూపించుకోకపోతే రేపు నాకు పనెవరిస్తారు? ఎప్పటిదాకా దాచాలో అదన్నా రాయండి."

చివరికి ఒక జూనియర్ ఆర్టిస్టు. గొంతు తగ్గించి అడిగింది. "ఎవరైనా మాతో తప్పుగా ప్రవర్తిస్తే? అప్పుడు కూడా ఈ కాగితమే చూపిస్తారా అండీ?"

ఆ కాగితాన్ని అక్కడికక్కడే చింపేశాను.

*గుట్టు వేరు, గొంతు వేరు*

నాకప్పుడు తట్టిందిది. సినిమా గుట్టు నిర్మాతది. పనివాడి గొంతు పనివాడిది. రూల్సు మొదటిదాన్ని కాపాడాలి, రెండోదాని జోలికి పోకూడదు. ఈ రెండింటినీ ఒకే తాళంతో బిగిస్తేనే పేచీ అంతా.

కథ, గెటప్పు, దృశ్యాలు, పాటలు, ఒప్పందాలు, తోటివాళ్ళ సొంత విషయాలు.... ఇవి గుట్టు. జీతం, పనిగంటలు, ప్రమాదాలు, వేధింపులు.... ఇవి గొంతు.

వేధింపుల సంగతికి మరో ముడి ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ విచారణలోని వాళ్ళ పేర్లు బయటపెట్టకూడదని చెప్పేదీ ఆ చట్టమే. అంచేత "రాయకండి" అంటే చాలదు, "ఇదిగో, ఈ కమిటీకి చెప్పండి" అని వాళ్ళ ఫోన్ నంబర్లతో సహా ఇవ్వాలి. తలుపు చూపించకుండా కిటికీ మూస్తే ఎలా?

*రెండో కాగితం*

ఈసారి ఒకే పేజీ. అచ్చ తెలుగులో, లైట్‌మన్‌కీ హీరోకీ ఒకేలా అర్థమయ్యేలా రాశాను. సారాంశం ఇదీ:

ఒకటి - ఈ రూల్సు అందరికీ. అసిస్టెంట్లకే కాదు, హీరోగారి మేనేజరుకీ, బయట పనిచేసే గ్రాఫిక్స్ కంపెనీకీ కూడా.

రెండు - సెట్టు, దుస్తులు, గెటప్పు, స్క్రీన్ మీది దృశ్యం కనిపించే ఫోటో పెట్టవద్దు. సెల్ఫీ మోజుంటే గేటు దగ్గర యూనిట్ బోర్డు ఉంది. అక్కడ ఎన్నయినా దిగండి!

మూడు - సినిమా విడుదలైన నెలకు మీ పనిని మీ పేరుతో చూపించుకోవచ్చు.

నాలుగు - యూనిట్ మనిషై ఉండి, మామూలు ప్రేక్షకుడి వేషంలో "అదిరింది" అని గానీ, పక్క సినిమాను "చెత్త" అని గానీ రాయవద్దు.

అయిదు - అనుమానమొస్తే పి.ఆర్.ఓ.ని అడగండి. అర్ధరాత్రయినా సరే.

ఆరు - పొరపాటున ఏదైనా పెట్టేస్తే వెంటనే తీసేసి, వెంటనే చెప్పండి. తనంతట తాను చెప్పినవాళ్ళ ఉద్యోగం తీయం.

ఏడు - జీతం, భద్రత, వేధింపుల గురించి మాట్లాడే హక్కును ఈ కాగితం తీసేయదు.

ఆరో రూలు దగ్గర నిర్మాతగారు ఆగిపోయారు. "ఇదేమిటోయ్, తప్పుచేసినవాణ్ణి వదిలేయమంటావా?"

"సార్, ఆ అమ్మాయి ఫోటో పెట్టింది రాత్రి రెండింటికి. మీకు తెలిసింది పొద్దున్న ఏడింటికి. తప్పయిపోయిందని రెండుంపావుకే తనకు తెలిసిందట. ఉద్యోగం పోతుందని భయపడి నోరు మెదపలేదు. భయం లేకపోతే మీ గెటప్పు మిగిలేది" అన్నాను.

ఆయన కాసేపు పైకప్పు వంక చూశారు. తర్వాత సంతకం పెట్టారు. ఏడో రూలు మీద మాత్రం ఇంకో అరగంట వాదించారు. "ఇది నామీదే కత్తి కదయ్యా" అన్నారు. అవునన్నాను. చివరికి అదీ ఉండిపోయింది.

*మీకూ ఓ మాట!*

మీలో కొందరు ఇవాళ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనో, బట్టల షాపులోనో, ఆస్పత్రిలోనో పనిచేస్తుంటారు. మీకూ ఇలాంటి కాగితం ఒకటి ఉండే ఉంటుంది, సంతకమూ పెట్టే ఉంటారు. చదివారా? గుట్టు ఏదో, గొంతు ఏదో అందులో విడివిడిగా ఉందా? లేకపోతే అడగండి.

అభిమానులకు ఇంకో మాట. లీకయిన బొమ్మ మీ ఫోనుకొస్తే పదిమందికి పంపకండి. దాని వెనక ఎవరి ఉద్యోగముందో మీకు తెలీదు.

ఇంతకీ ఆ అమ్మాయి సంగతా? నిర్మాతగారు మళ్ళీ కబురుపెట్టారు. అప్పటికే ఆమె ఇంకో యూనిట్‌లో చేరిపోయింది. నాకు మాత్రం ఫోను చేసింది. "ఇక్కడ అలాంటి కాగితమేదీ లేదండీ. మీది ఒకటి పంపిస్తారా? మా మేనేజరుగారికి చూపిస్తాను" అంది.

అప్పుడే పంపించేశాను.