అలమరలో టీ పెట్టెలు, గ్లాసులో పాయసం వాసన

మా వంటింటి అలమరలో పై అర నిండా టీ పెట్టెలే. అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి వచ్చినప్పుడల్లా రెండు మూడు తెస్తుంది. కారమెల్, వెనిల్లా, దాల్చినచెక్క వేసిన ఆపిల్... అల్లం దంచి, పాలు పోసి కాచుకునే టీకి అలవాటుపడ్డ మాకు వాటినేం చేసుకోవాలో తోచేది కాదు. వచ్చినవాళ్లకు చూపించి మళ్లీ పైన పెట్టేసేవాళ్లం. మొన్న వేసవిలో అర దులుపుతుంటే పదకొండు పెట్టెలు తేలాయి.

టీ ఆకుకు చెమ్మ తగలకుండా ఉంటే తేదీ దాటినా సాధారణంగా పాడవదు, వాసనా రుచీ తగ్గుతాయంతే. ముక్కిన వాసన వచ్చినా, బూజు కనిపించినా మాత్రం మొహమాటపడకూడదు. మేము రెండు పెట్టెలు అలాగే పారేశాం. మిగిలినవాటిని ఐస్ టీగా చేసుకు తాగమని అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. అమెరికావారు టీని ఎక్కువగా చల్లగానే తాగుతారట. ఇది 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో పుట్టిందని చెబుతారు గాని, 1879లో అచ్చయిన వర్జీనియా వంటల పుస్తకంలోనే దీని తయారీ ఉంది.

అర లీటరు నీళ్లు బాగా మరిగించి దింపి, నాలుగు కారమెల్ టీ సంచులు వేసి ఐదు నిమిషాలు ఉంచాం. అంతకు మించితే వగరెక్కుతుంది. సంచులు తీసేసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, కాచి చల్లార్చిన నీటితో చేసిన ఐసు ముక్కలు వేసుకున్నాం. ఐసు మంచి నీటితో చేసినది కాకపోతే ఈ శ్రమంతా విరేచనాల పాలే. చల్లబడ్డాక టీ మసకబారితే కంగారుపడకండి, కాస్త వేడినీళ్లు కలిపితే తేటపడుతుంది. ఎండలో గాజు సీసా పెట్టి టీ దించే పద్ధతి మాత్రం వద్దు, ఆ గోరువెచ్చదనంలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టినదైనా మరునాటికి మించి ఉంచుకోం.

చివరగా ఒక చెంచా కాచిన పాలు పోస్తే, గ్లాసు నోటి దగ్గరికి రాగానే బెల్లం పాకం పట్టిన పాయసం వాసన! చక్కెర ఒక్క పలుకైనా లేదు.

మాలో ఒకరికి పన్నెండేళ్లుగా షుగరు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఏదైనా తీపి తినాలని ప్రాణం కొట్టుకుంటుంది. దాచిపెట్టిన బిస్కెట్ల డబ్బా గురించి ఇంట్లో ఎన్ని గొడవలో! ఈ గ్లాసు వచ్చాక ఆ డబ్బా జోలికి వెళ్లడం చాలావరకు తగ్గింది. అలాగని ఈ టీ షుగరును తగ్గిస్తుందని ఎవరైనా అంటే నమ్మి మందులు మానేయకండి. ఇది తీపికి బదులు, మందుకు బదులు కాదు. బజారులో దొరికే ఐస్ టీ పొడుల్లో చాలావాటికి మొదటి దినుసు చక్కెరే. పెట్టె వెనుక చదివి కొనండి. కొన్ని మూలికల టీలలో తీపి కోసం అతిమధురం కలుపుతారు, రక్తపోటు ఉన్నవారు అది రోజూ తాగడం మంచిది కాదు.

ఇక మేము చేసిన పొరపాటు. రుచి మరిగి మధ్యాహ్నం భోజనంతోపాటే అందరికీ ఈ టీ పోయడం మొదలుపెట్టాం. మా కోడలు అప్పుడు ఐదో నెల గర్భిణి, రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్రలు వేసుకుంటోంది. పరీక్షకు వెళ్లినప్పుడు ఏం తింటున్నావు, ఏం తాగుతున్నావు అని నర్సమ్మ అడిగి, ఈ సంగతి విని మమ్మల్నందరినీ కలిపి మందలించింది. టీలోని వగరు పదార్థాలు ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత వరకు టీ తాగవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతోంది. మాత్ర మంచినీళ్లతోనే వేసుకోవాలి. అప్పటినుంచి మా ఇంట్లో టీ నాలుగు గంటలకే. రాత్రిపూట కూడా మానేశాం. వాసన పాయసానిదే అయినా ఆకు టీ ఆకే కదా, నిద్ర పట్టనివ్వదు.

అలమరలో ఇంకా మూడు పెట్టెలున్నాయి. ఈసారి వచ్చేటప్పుడు టీ తేవద్దని అమ్మాయితో చెప్పాం. కెఫీన్ లేని దక్షిణాఫ్రికా ఎర్ర టీ, రూయిబోస్, ఉంటే మాత్రం ఒక్క పెట్టె తెమ్మన్నాం.